గడప దాటని కుర్చీ

మా కోటబంగళాకు వచ్చినవాళ్ళు ముందు సముద్రం వైపు చూసేవారు. నేను వాళ్ళ కాళ్ళ వైపు చూసేదాన్ని. టికెట్ కౌంటర్‌లో చేరి కేర్‌టేకర్‌గా రిటైరైన నా ఉద్యోగమంతా మెట్ల మొదట్లో నిలబడే గడిచింది. చేతికర్ర ఉందా, మోకాళ్ళు పట్టేశాయా, ఎవరి భుజమైనా పట్టుకుని నడుస్తున్నారా అని చూసి, "మీరు కింద తోటలో కూర్చోండమ్మా, చల్లగా ఉంటుంది" అని చెప్పడం నా పని. చాలా మర్యాదగా చెప్పేదాన్ని. వాళ్ళు కూడా అంతే మర్యాదగా వెళ్ళి, మిగతా కుటుంబం పైనుంచి దిగేదాకా చెప్పులు, సంచులు కాపలా కాస్తూ కూర్చునేవారు.

ఇలాంటి చోట్ల కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ర్యాంపు వాలు ఎంత ఉండాలో, రెయిలింగు ఎంత ఎత్తుండాలో మీకు శిక్షణలో చెబుతారు. పైకి తీసుకెళ్ళిన మనిషితో పైన ఇరుక్కుపోతే ఎలా ఉంటుందో చెప్పరు. అది నాకు తెలుసు. ఇప్పటికీ ఎక్కడైనా మోటారు జుమ్మని మోగితే నా మెడ వెనక చెమట పడుతుంది.

హార్బరుకు ఎదురుగా గుట్ట మీద పాతకాలపు జమీందారు కట్టించుకున్న మేడ అది. గుట్ట వాలులో అంచెలంచెలుగా తోట, పైన రాతి గోడల బంగళా, దానికి ఆనుకుని ఒక బురుజు. బురుజు పక్కన విశాలమైన డాబా. అక్కడికెళ్ళి నిలబడితే పోర్టు క్రేన్లు, లంగరేసిన ఓడలు, డాల్ఫిన్స్ నోస్ కొండ అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. జనం టికెట్ కొనేది ఆ డాబా కోసమే. కింద తోటలో ర్యాంపులు వేశాం గాని, డాబాకు మాత్రం ఇరుకైన రాతిమెట్లే దారి.

నాతోపాటు పైన ఇరుక్కుపోయిన ఆయన పోర్టులో క్రేన్ ఆపరేటరుగా చేసినవాడు. పని మీద ఉండగా పైనుంచి పడి నడుం కింద స్పర్శ పోయింది. భార్య దువ్వాడ స్టేషన్ దగ్గర టిఫిన్ బండి నడిపేది. బండి పెట్టని రోజున ఇద్దరూ ఆటోలో మా దగ్గరికి వచ్చేవారు. ఆమె వేపచెట్టు కింద కాళ్ళు చాపుకుని కునుకు తీసేది. ఆయన చక్రాల కుర్చీని తనే తోసుకుంటూ మెట్ల మొదటిదాకా వచ్చి పైకి చూసేవాడు.

"లిఫ్టు ఎప్పుడెడతారు మేడమ్?"

"ఫైలు పైకి వెళ్ళిందండీ."

"ఫైలెల్లిపోయింది. నానే ఎల్లలేకపోతన్నాను."

నవ్వుతూనే అనేవాడు. ఆ మాట నేను మేనేజర్ గారికి చెప్పాను. ఆయన నవ్వలేదు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, మాట తక్కువ, పని ఎక్కువ. ఆ వారమే వెళ్ళి పై ఆఫీసులో కూర్చుని ఫైలు కదిలించారు. చివరికి బంగళా వెనక గోడకు ఆనించి ఒక లిఫ్టు కట్టారు. నాలుగు వైపులా కటకటాలున్న ఇనుప పలక, అంతే. కింద నిలబడ్డ మనిషి బటన్ నొక్కి పట్టుకుంటే మెల్లగా పైకి లేస్తుంది, వదిలేస్తే ఆగిపోతుంది. పైన కూడా అలాంటి బటన్ ఒకటి ఉండాలి. దాన్ని బిగించే మనిషి వచ్చే వారం వస్తానన్నాడు. మేం ఆగలేకపోయాం. ఇన్నాళ్ళు చూసినవాళ్ళం, ఒక బటన్ కోసం ఇంకా ఆపడమేమిటి అనుకున్నాం. మేనేజర్ గారూ అన్నారు, నేనూ అన్నాను, లిఫ్టు దగ్గర డ్యూటీ వేసిన సెక్యూరిటీ గార్డూ అన్నాడు.

డాబా మూలన ఒక చిన్న గది ఉండేది. జమీందారు దుర్భిణి పెట్టుకున్న గది అంటారు. సన్నటి ఒంటి తలుపు, దాని కింద మోకాలెత్తు టేకు గడప. పాత కట్టడాల నిపుణుడొకాయన వచ్చి, గడప మీద చెక్కిన లతలు చూసి, దీన్ని ముట్టుకోవడానికి వీల్లేదని రాసిచ్చాడు. ఆ గదిలో వానాకాలం కప్పే టార్పాలిన్ పట్టాలు తప్ప ఏమీ లేవు. కుర్చీలో వచ్చినవాళ్ళకు అందులో పనేముందని మేమూ ఊరుకున్నాం.

బురుజు తోరణం కింద తేనెపట్లు ఉండేవి. కొండ తేనెటీగలవి, చాటంతేసి. అవి ఎప్పుడూ ఉన్నవే. ఎవరినీ ఏమీ అనలేదు. ఫొటోలు తీసుకునేవాళ్ళు వాటిని కూడా తీసుకునేవారు.

లిఫ్టు మొదలైన కొత్తలో అది లేచిన ప్రతిసారీ నాకు భయమేసేది. ఆయనతోపాటు ఆ పలక మీద నిలబడి కటకటాలు గట్టిగా పట్టుకునేదాన్ని. ఆయనకు అదేమీ లేదు.

"నాను కూకున్న ఎత్తుకి ఇదెంత మేడమ్," అనేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం జనం పలచగా ఉన్నారు. కింద తోటలో పెళ్ళి కుదిరిన జంటకు ఎవరో ఫొటోలు తీస్తున్నారు. ఆయన్ని పైకి తీసుకొచ్చాను. భార్య ఎప్పట్లాగే వేపచెట్టు కిందే ఉంది. గార్డు పలకను కిందికి దింపేసుకున్నాడు. డాబా మీద మాతోపాటు పిల్లలున్న ఒక కుటుంబం మాత్రమే ఉంది.

ఆయన పిట్టగోడ దాకా కుర్చీ తోసుకెళ్ళి చెయ్యి చాపాడు.

"అదిగో, ఆ పసుపు రంగుది సూడండి. అందులో కూకునీవోడ్ని. కింద మనుసులు సీమల్లాగ కనబడీవోరు. ఇప్పుడు ఎవుడి మొకం సూడాలన్నా మెడెత్తాల."

నేనేదో జవాబు చెప్పబోతుంటే కింది నుంచి జుమ్మని మోత వచ్చింది. ఫొటోలవాళ్ళ డ్రోను. తోటలోనే ఎగరేయమని చెప్పి పంపాం, అది బురుజు ఎత్తుకు లేచింది. తోరణం ముందు గాల్లో ఆగి అటూ ఇటూ కదిలింది. బంగళా అంతా ఒక్క ఫ్రేములో రావాలని కాబోలు.

నేను తేనెపట్టు వైపు చూశాను. నల్లగా దళసరిగా ఉండే పట్టు ఉన్నట్టుండి పలచబడింది. కింద ఉన్న లేత పసుపు మైనం బయటపడింది. అప్పటిదాకా దాని అసలు రంగు నేనెప్పుడూ చూడలేదు. ఆ నలుపంతా ఎక్కడికి పోయిందా అని ఒక్క క్షణం అమాయకంగా ఆలోచించాను.

మొదటి కాటు నా కనురెప్ప మీద పడింది.

ఆ కుటుంబం పిల్లల్ని ఎత్తుకుని మెట్ల వైపు పరిగెత్తింది. పిట్టగోడ మీదుగా వంగి గార్డును కేకేశాను. అతను చొక్కా తల మీదికి లాక్కుని తోటలోకి పరిగెత్తుతూ కనిపించాడు. లిఫ్టు పలక కింద ఉంది. దాన్ని పైకి తెచ్చే బటన్ కూడా కిందే ఉంది.

ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకుని ఉన్నాడు.

"మీరెల్పోండి మేడమ్. మెట్లు మీకున్నాయి గదా, ఎల్పోండి."

వెళ్ళిపోవాలనిపించింది. దాచడానికేముంది, నా ఒళ్ళంతా మెట్ల వైపే లాగింది. జుట్టులో దూరిన ఈగలు బయటికి రాలేక గీపెడుతుంటే తల తీసి విసిరేయాలనిపించింది. కాని చేతులు మాత్రం కుర్చీ పిడుల మీద ఉన్నాయి. ఎందుకో తెలియదు, ధైర్యమని మాత్రం అనను. బహుశా రోజూ పట్టుకునే చోటు గనక పట్టుకుని ఉంటాను. కుర్చీ తిప్పి మూలగది వైపు తోశాను.

ముందు చక్రాలు గడపకు కొట్టుకున్నాయి. వెనక్కి లాగి మళ్ళీ తోశాను. మళ్ళీ కొట్టుకున్నాయి. కుర్చీని వెనక్కి వాల్చి ముందు చక్రాలు లేపాను, అప్పుడు పక్కలు తలుపు చట్రానికి పట్టేశాయి. గడపను దాటినా ఆ కుర్చీ ఆ తలుపులో పట్టదు. ఆ సంగతి మాకెవరికీ తెలియదు, ఎప్పుడూ కొలిచి చూడలేదు గనక. ఆయన నెత్తి మీద ఈగలు అట్టకట్టి ఉన్నాయి.

"కుర్చీ ఒగ్గేయండి. నన్ను పడీండి."

నేను అర్థం చేసుకునేలోపే ఆయన చేతుల మీద బరువు వేసి తనంతట తానే గడప మీదికి పడ్డాడు. నేను కుర్చీని పక్కకు తోసేసి, ఆయన్ని దాటి లోపలికి దూకి, చంకల కింద చేతులు వేసి లాగాను. అంత బరువైన మనిషిని మళ్ళీ ఎప్పుడూ లాగలేదు. ఛాతీ లోపలికొచ్చింది, నడుం వచ్చింది. అక్కడ నా ఊపిరి అయిపోయింది, ఆగాను.

"వచ్చీసానా?" అని అడిగాడు.

రాలేదు. పాదాలు రెండూ గడప అవతలే ఉన్నాయి. పాదాలు కనిపించడం లేదు, నల్లటి మేజోళ్ళు తొడిగినట్టుగా ఈగలు. అవి కుడుతున్నాయి. ఆయన నా ముఖంలోకి చూస్తూ, కిందికి కూడా చూడకుండా, జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. నా జీవితంలో నేను చూసిన భయంకరమైన దృశ్యం అదే. ప్రాణం పోయే నొప్పి ఒక మనిషి కాళ్ళకు తగులుతోంది, ఆ మనిషికి తెలియదు, చూస్తున్న నాకు తెలుసు.

"ఇంకొంచెం," అన్నాను.

చీర కొంగు చేతికి చుట్టి పాదాల మీద ఈగల్ని తుడిచేసి, మోకాళ్ళు పట్టుకుని లోపలికి మడిచి, తలుపు వేశాను.

తలుపు పైన వెంటిలేటరు అద్దం పగిలి ఉంది. దాన్లోంచి వస్తున్నాయి. టార్పాలిన్ ఒకటి లాగి ఇద్దరి మీదా కప్పుకున్నాం. లోపల చీకటి, పాత వానల కంపు. బయట ఎవరో పెద్ద తిరగలి తిప్పుతున్నట్టు హోరు. పట్టా మీద ఒక్కొక్కటే వచ్చి పడుతుంటే చినుకుల చప్పుడులా ఉంది. మాతోపాటు లోపలికొచ్చినవి ఇంకా ఉన్నాయి. ఎక్కడ కుడతాయో ముందే తెలియదు, అదొక నరకం.

మేనేజర్ గారికి ఫోన్ చేశాను. ఆయన ఆఫీసు గదిలో తలుపులన్నీ వేసుకుని, లోపలికి పరిగెత్తుకొచ్చిన సందర్శకులతో ఉన్నారు.

"ఫైర్ వాళ్ళకు చెప్పాను. బయలుదేరారు. మీరు ఎక్కడికీ కదలకండి," అన్నారు. తర్వాత, "ఆయన కూడా మీతోనే ఉన్నారా?" అని అడిగారు. ఉన్నారన్నాను. ఫైర్ వాళ్ళకు మళ్ళీ చేస్తానని ఫోన్ పెట్టేశారు.

నా పక్కన ఊపిరి మారింది. గొంతులో సన్నగా ఈల వేసినట్టు మొదలైంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. ఈ మనిషి ఈ చీకట్లో నా చేతుల్లోనే పోతాడు, బయట హోరు ఆగదు, నేను ఈయన పక్కనే ఇలాగే పడి ఉండాలి అనిపించింది. మాట్లాడించాలని ఏదేదో అడిగాను. భార్య ఇడ్లీపిండి ఎప్పుడు రుబ్బుతుందని కూడా అడిగినట్టు గుర్తు.

"మేడమ్, నా కాళ్ళెలాగున్నాయి?"

"బాగానే ఉన్నాయి."

"మీ గొంతు అలగ అనట్లేదు."

పట్టా అంచును ఆయన పాదాల మీదికి ఇంకాస్త లాగాను. ఆయనే మళ్ళీ అన్నాడు. మాటకూ మాటకూ మధ్య ఈల.

"క్రేను మీంచి పడినప్పుడు బయ్యం ఏటో తెలీనేదు. పడిపోయాకే తెలిసింది. ఇప్పుడు ముందే తెలిసిపోతంది. ఇదే సెడ్డగుంది."

అప్పుడు పొగ వాసన వచ్చింది. తలుపు సందులోంచి పొగ. బంగళా అంటుకుందనుకున్నాను. పైకప్పంతా పాత టేకు దూలాలు. తలుపు తీస్తే ఈగలు, తీయకపోతే నిప్పు. అరవడానికి నోరు తెరిస్తే దగ్గు వచ్చింది.

"మావా," అని బయట ఆడగొంతు. "మావా, ఎక్కడున్నావు? పలుకు."

ఆయన పలికాడో లేదో నాకు వినిపించలేదు. నేను తలుపు మీద బాదాను.

తలుపు తీసేసరికి ఆమె ఎదురుగా ఉంది. తల నుంచి కాళ్ళదాకా తడి గోనెసంచులు చుట్టుకుంది. వెనక మా మాలీ, భీమిలి వైపు పల్లె నుంచి వచ్చి మా తోటలో పనిచేసే ముసలాయన, గొంగళి కప్పుకుని, చేతిలో ఎండాకులూ పచ్చాకులూ కలిపి రాజేసిన ఇనుప గమేళా పట్టుకుని దగ్గుతున్నాడు. ఇద్దరూ ఆ రాతిమెట్ల మీదుగానే పొగ ముందు పెట్టుకుని ఎక్కి వచ్చారు.

"ఫైరోల్లొచ్చీదాకా ఇక్కడుంటే ఆయన ప్రాణం నిలబడదమ్మా. దింపీయాల," అన్నాడు మాలీ.

"మెట్ల మీద ఎలా దింపుతాం?"

"లిఫ్టుకాడ గార్డు వచ్చీసేడు. బటన్ నొక్కుతానన్నాడు."

అప్పుడే వెనక గోడ దగ్గర ఇనుము కీచుమనడం విన్నాను. పలక పైకి వస్తోంది. పారిపోయిన మనిషి తిరిగొచ్చి, ముఖానికి తువ్వాలు చుట్టుకుని, ఈగల మధ్య నిలబడి ఆ బటన్ నొక్కి పట్టుకున్నాడు. చెయ్యి తీస్తే పలక ఆగిపోతుంది. అతను చెయ్యి తీయలేదు.

టార్పాలిన్‌లో ఆయన్ని పడుకోబెట్టి, తలవైపు భార్య, కాళ్ళవైపు నేను పట్టుకుని ఈడ్చుకుంటూ తీసుకెళ్ళాం. మాలీ పొగతో మా చుట్టూ తిరిగాడు. గడప బయట బోర్లా పడిన కుర్చీ మీద ఈగలు ముసిరి ఉన్నాయి. దాన్ని అక్కడే వదిలేశాం. పలక దిగుతున్నంతసేపూ ఆమె భర్త ముఖం మీదికి వంగి ఒకటే మాట అంటూ ఉంది: "ఊపిరి తియ్యి మావా. తియ్యి. ఇంకోపాలి తియ్యి."

ఆస్పత్రిలో నాకు రెండు కళ్ళూ వాచి మూసుకుపోయాయి. తెరుచుకున్నాక ఆయన భార్య వచ్చి నా మంచం పక్కన కూర్చుంది. ఊపిరి కుదుటపడిందని, కిడ్నీలు దెబ్బతింటాయేమోనని డాక్టర్లు ఇంకా భయపడుతున్నారని చెప్పింది.

"కాళ్ళల్లోంచి ఈగల ముళ్ళు పీకుతుంటే నిద్దరోతన్నాడు మేడమ్. నానే సూడలేక బైటికొచ్చీసేను," అంది.

చాలా రోజులు ఆ భయం వదల్లేదు. ఫోన్ మోగితే ఆయన గురించి చెడ్డ కబురేమోననుకునేదాన్ని. చివరికి ఇంటికి పంపించారు. గార్డు మా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా ఏడ్చి వెళ్ళాడు. తిరిగొచ్చావు కదా అని నేనన్నాను. "ముందెల్లిపోయాను గదమ్మా," అన్నాడు.

నేను డ్యూటీలో చేరేసరికి లిఫ్టుకు తాళం ఉంది. దాని పక్కన కొత్త బోర్డు: భద్రతా కారణాల వల్ల వీల్‌చెయిర్ సందర్శకులకు పై అంతస్తులో ప్రవేశం లేదు. మేనేజర్ గారు బరువు తగ్గిపోయారు. "నా చేతిలో ఒక ప్రాణం పోయేదండీ," అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేకపోయాను. నిజానికి ఆ బోర్డు చూసి నాకూ ఊపిరి ఆడింది. ఇక ఎవరినీ పైకి తీసుకెళ్ళక్కర్లేదు. మళ్ళీ "కింద చల్లగా ఉంటుందమ్మా" అంటే సరిపోతుంది.

క్రేన్ ఆపరేటరు అరువు కుర్చీలో వచ్చాడు. పాదాల మీద మచ్చలు ఇంకా నల్లగా ఉన్నాయి. బోర్డు మెల్లగా చదివి, ఆఫీసు గదిలోకి తనే తోసుకొచ్చాడు. మేనేజర్ గారు లేచి నిలబడ్డారు. మీ మంచికే పెట్టామని, మళ్ళీ అలాంటిది జరిగితే తట్టుకునే శక్తి తనకు లేదని చెప్పారు. ఆ మాటల్లో కపటం లేదు.

ఆయన అంతా విన్నాడు.

"ఆ రోజు బయ్యం అందరికీ ఏసింది సార్. నాకేసింది, మేడమ్‌గారికేసింది, పరిగెట్టినోల్లకీ ఏసింది. పరిగెట్టినోల్లు మళ్ళీ పైకెల్లకూడదని బోర్డెట్టేరా?"

మేనేజర్ గారు కూర్చున్నారు. బయట ఎవరో టికెట్ అడుగుతున్నారు, నేను వెళ్ళలేదు.

"సావుబయ్యం నాకుంది సార్," అని మళ్ళీ అన్నాడు. "దానికి తలుపు ఎడల్పు సేయించండి. నన్ను ఆపీకండి."

గడప ముట్టుకోవద్దన్న ఆ నిపుణుడితో మేనేజర్ గారు ఫోన్‌లో వాదించడం నేను మొదటిసారి విన్నాను. గొంతు పెంచే మనిషి కాదు, ఆ రోజు పెంచారు. గడప కోయించడానికి వడ్రంగి వచ్చినప్పుడు మాత్రం దగ్గర నిలబడలేక తోటలోకి వెళ్ళిపోయారు. లతలు చెక్కిన ఆ టేకంటే ఆయనకు నిజంగానే ప్రేమ. తలుపు వెడల్పయింది, వెంటిలేటరుకు జాలీ వేశారు, పైన బటన్ బిగించారు. డ్రోన్లు గేటు దగ్గరే ఆపేస్తున్నాం. కుర్చీలో ఎవరు పైకెళ్ళినా మా మనిషి ఒకరు దిగేదాకా వదలకుండా ఉండాలని నియమం పెట్టాం. తేనెపట్లను మాత్రం తీయించలేదు. తీయించినా మళ్ళీ వస్తాయన్నాడు మాలీ.

బోర్డు తీసేసిన రోజున క్రేన్ ఆపరేటరూ నేనూ పైకెళ్ళాం. చక్రాల మీద ఆయన చేతులు చెమటకు జారుతున్నాయి. నేను కటకటాలు వదల్లేదు. బురుజు వైపు ఇద్దరం చూడలేదు.

"ఇయ్యాల పోర్టు సూడక్కర్లేదు మేడమ్. పైన కొంతసేపుండి దిగిపోతే సాలు," అన్నాడు.

అలాగే ఉండి, దిగిపోయాం.

నేను రిటైరయ్యే ముందు ఒక ముసలమ్మ వచ్చింది. సింహాచలం దర్శనం చేసుకుని కూతురితో వచ్చింది, చక్రాల కుర్చీలో. కూతురు కౌంటర్ దగ్గర అడిగింది.

"పైన ఏ భయమూ లేదు కదండీ?"

వెనకటి రోజులైతే ఏం చెప్పేదాన్నో మీకు తెలుసు. లేదని అయినా అనేదాన్ని, కిందే కూర్చోమని అయినా అనేదాన్ని.

"ఉందమ్మా," అన్నాను. "పైన తేనెపట్లున్నాయి. ఒకసారి లేచాయి, అప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఏదైనా అయితే దాక్కోవడానికి గది ఉంది, కుర్చీ లోపలికి పడుతుంది. నేను మీతోనే ఉంటాను. నాకు కూడా భయమే."

కూతురు టికెట్ డబ్బులు వెనక్కి తీసుకోబోయింది. ముసలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"బయ్యం నేదని సెప్పుంటే నానెల్లకపోదును," అంది. "ఈయమ్మ వత్తానంతంది గదా. పద."